ఎర్రాకుల క్యోటో: రోజుకు రెండు తోటలు చాలు

జపాన్‌లోని క్యోటోలో నవంబరు చివరి వారంలో సాయంత్రం 4:50 కల్లా పొద్దు కుంకుతుంది. చాలా ఆలయాలు మూసేది 5 గంటలకే అయినా టికెట్ కిటికీ అరగంట ముందే మూతపడుతుంది. 4 గంటలకే ఆపేసేవీ ఉన్నాయి. పొద్దున 9కి తెరుస్తారనుకుంటే చేతిలో ఉండేది ఏడున్నర గంటలు. వరుసల్లో నిలబడటం, ప్రయాణం, భోజనం పోను అందులో మిగిలేది చాలా తక్కువ. అందుకే ఆకులు ఎర్రబడే రోజుల్లో క్యోటో వెళ్లేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఇదే: రోజుకు రెండు గుడి తోటలు పెట్టుకోండి, సమయం మిగిలితే మూడోది. ఆ తోటల్లో చాలావాటిని వసారాలో కూర్చుని చూడటానికే కట్టారు. నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతే సగం తోట కంటపడదు.

ఆ రెండిటినీ వెలుగును బట్టి ఎంచుకోవాలి. అరాషియామా ఊరికి పడమర అంచున, కొండల పాదాల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం గడిచేకొద్దీ సూర్యుడు కొండ వెనక్కి జారుకుంటాడు, తోటంతా నీడైపోతుంది. కాబట్టి అక్కడి తెన్‌ర్యూజి ఆలయం లాంటివి పొద్దున చూడాలి. తూర్పున హిగాషియామా వరుసలో ఉన్న ఎయికాన్‌దో, నన్‌జెన్‌జి ఆలయాల సంగతి దీనికి తలకిందులు. పొద్దున్నే వెళితే సూర్యుడింకా కొండ దాటి ఉండడు. మధ్యాహ్నం పడమటి ఎండ వాలుగా వచ్చి ఆకుల్లోంచి దూరినప్పుడే అసలు ఎరుపు వెలుగుతుంది. మేపుల్ ఆకు పలచన. వెలుగు దాని మీద పడినప్పటికంటే వెనక నుంచి వచ్చినప్పుడే రంగు బాగా తేలుతుంది. కియోమిజుదెరా ఆలయం ఉదయం 6 గంటలకే తెరుస్తుంది గానీ నవంబరు చివర్లో సూర్యోదయమే 6:40 ప్రాంతంలో. అంత పొద్దున వెళ్తే దొరికేది నిశ్శబ్దం, 13 మీటర్ల ఎత్తు వేదిక మీద ఖాళీ చోటు. రంగులు కావాలంటే ఇంకాసేపు ఆగాలి.

తేదీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీల కిందికి పడటం మొదలయ్యాక మేపుల్ ఆకు రంగు మారుతుందని జపాన్‌లో వాడే లెక్క. 5 డిగ్రీలకు చేరితే మార్పు వేగం అందుకుంటుంది. చలికి ఆకు తొడిమ దగ్గర ఒక అడ్డుపొర ఏర్పడుతుంది. ఆకులో తయారైన చక్కెర కొమ్మలోకి వెళ్లలేక అక్కడే ఉండిపోతుంది. ఎండ తగిలితే ఆ చక్కెర నుంచి ఎర్రరంగు పదార్థం పుడుతుంది, అదే సమయంలో పచ్చదనం విరిగిపోతుంది. అందుకే పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి ఉన్న ఏడాది ఎరుపు చిక్కగా వస్తుంది. మబ్బు పట్టిన ఏడాది నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో వానలు లేకపోతే ఆకు అంచులు ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ తర్వాత ఎంత చలి వేసినా అవి బాగుపడవు. గింకో చెట్టుకు ఈ బాధ లేదు. దాని పసుపు ముందునుంచీ ఆకులోనే ఉంటుంది, పచ్చదనం తొలగితే పైకి కనపడుతుంది. కాబట్టి మేపుల్ నిరాశపరిచిన ఏడాది కూడా నిషి హోంగన్‌జి ఆవరణలోని పెద్ద గింకో చూడదగ్గదే. ఆ ఆవరణలోకి టికెట్ కూడా అక్కర్లేదు.

చలి ముందు కొండలకు తగులుతుంది, తర్వాత ఊళ్లోకి దిగుతుంది. విమానం టికెట్ తీసేసుకున్నారా, తేదీ మారదు కాబట్టి ఎత్తు మార్చుకోండి. నవంబరు రెండో వారమైతే వాయవ్యాన కొండల్లో ఉన్న తకావొ వెళ్లాలి. అక్కడి జింగోజి ఆలయానికి సుమారు 400 రాతి మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. నవంబరు మూడో వారం చివర నుంచి నెలాఖరు దాకా ఊళ్లోని తోటలన్నీ పక్వానికొస్తాయి, వెచ్చని ఏడాదుల్లో ఇది డిసెంబరు మొదటి వారంలోకి జరుగుతుంది. అందరికంటే ఆలస్యంగా షిమొగామొ మందిరం ముందున్న తదాసు నొ మొరి అడవి రంగు మారుతుంది. డిసెంబరు వచ్చాక చేరినవాళ్లకు అదే దిక్కు, ప్రవేశం ఉచితం. స్టేషన్లలో, వెబ్‌సైట్లలో ఒక్కో గుడి పేరు పక్కన ఆ రోజు స్థితి రాసి పెడతారు. మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు: ఇరొజుకి హజిమె అంటే రంగు మొదలైంది, మిగొరొ అంటే చూడ్డానికి సరైన సమయం, చిరి హజిమె అంటే రాలడం మొదలైంది. చిరి హజిమె అని ఉందని మానేయకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

నవంబరులో సిటీ బస్సును నమ్ముకోవద్దు. గియోన్, కియోమిజు మధ్య రోడ్డు నిండిపోయి బస్సు నడిచినట్టే ఉండదు. రైలు పట్టుకోండి. తోఫుకుజి ఆలయానికి క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో ఒకే ఒక్క స్టేషన్, దిగి పది నిమిషాలు నడక. నన్‌జెన్‌జి, ఎయికాన్‌దోలకు తోజాయి సబ్‌వేలో కెయాగె స్టేషన్. ఇచిజోజి వైపు షిసెన్‌దో, ఎన్‌కోజి, ఇంకా పైన యాసె దగ్గరి రురికోయిన్‌కు ఎయిజాన్ రైలు. ఆ ఎయిజాన్ రైళ్లలోనే కురామా వైపు వెళ్లేది ఇచిహరా, నినొసె స్టేషన్ల మధ్య 250 మీటర్ల పొడవున మేపుల్ చెట్ల గుహలోంచి సాగుతుంది. రద్దీ కాలంలో చీకటి పడ్డాక అక్కడ దీపాలు పెడతారు. పెద్ద సూట్‌కేసులు హోటల్లోనే వదిలేయండి. స్టేషన్ లాకర్లు పొద్దెక్కేసరికి నిండిపోతాయి.

టికెట్ ఒక్కో చోట సాధారణంగా 400 నుంచి 1000 యెన్‌ల మధ్య ఉంటుంది, ఎక్కువచోట్ల నగదే. వెయ్యి యెన్ నోట్లు, వంద యెన్ నాణేలు విడిగా పెట్టుకోవాలి. ఒకే గుడిలో రెండు మూడు టికెట్లుంటాయన్నది చాలామందికి తెలియదు. తోఫుకుజిలో త్సూతెన్‌క్యో వంతెనకు ఒకటి, హోజో, అంటే మఠాధిపతి నివాసం, తోటకు మరొకటి. జనం వంతెన వరుసలో నిలబడి చూసేసి వెనుదిరుగుతారు. వంతెన కింది లోయలో రెండు వేల దాకా మేపుల్ చెట్లున్నాయి, నిజమే. కానీ రద్దీ రోజుల్లో ఆ వంతెన మీద ఫొటోలు తీయనివ్వరు, ఆగనివ్వరు, కదులుతూ ఉండాల్సిందే. పక్కనే హోజో వసారాలో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు.

ఆ హోజో తోట దగ్గర కాస్త ఆగుదాం. తోటల రూపకర్త మిరెయ్ షిగెమొరి 1939లో దీన్ని కట్టాడు. గుడివాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, ఉన్న సామాన్లేవీ పారేయకూడదు. తూర్పు వైపు చూడండి: పాత కట్టడంలో స్తంభాల కింద వాడిన ఏడు గుండ్రటి రాళ్లను తెల్ల కంకరలో సప్తర్షి మండలం ఆకారంలో నిలబెట్టాడు. ఉత్తరం వైపు పాత నడకదారి నుంచి తీసిన చదరపు రాళ్లు నాచులో చదరంగం గళ్లలా పొదిగి ఉంటాయి. ఒక చివర గళ్లు లెక్కగా ఉంటాయి. చూపు జరిపేకొద్దీ రాళ్ల మధ్య ఎడం పెరిగి, చివరికి ఒక రాయి ఇక్కడ, ఒక రాయి అక్కడ, తర్వాత నాచే. నిలబడితే ఇది ఒక నమూనాలా కనిపిస్తుంది. కూర్చుంటే నాచు ఉబ్బెత్తుగా, మెత్తగా కనిపించి రాళ్లు అందులో మునిగిపోతున్నట్టు ఉంటుంది. వెనక చెట్ల ఎరుపు ఆ పచ్చకు అడ్డంగా నిలుస్తుంది.

ర్యోఆన్‌జి గుడిలోని రాతి తోటకూ ఇదే వర్తిస్తుంది. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కంకరలో 15 రాళ్లు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక్కటైనా మరో రాయి చాటున ఉండిపోతుంది. ఈ మూల నుంచి ఆ మూలకు జరిగి కూర్చుంటూ చూడాలి, ఏది దాక్కుంటుందో, ఏది బయటపడుతుందో అప్పుడు తెలుస్తుంది. మేపుల్ రంగులు మాత్రం ఈ తోటలో వెతక్కండి, బయట క్యోయోచి చెరువు చుట్టూ ఉంటాయి. భవనం వెనక వైపు ఒక రాతి నీటితొట్టి ఉంది. మధ్యలో నీళ్లుండే చదరపు గుంట, దాని నాలుగు పక్కలా నాలుగు అక్షరాలు. విడిగా చదివితే అర్థం కుదరదు. మధ్య గుంటను ప్రతి అక్షరంలో భాగంగా కలుపుకుని చదివితే 'నాకు తృప్తి మాత్రమే తెలుసు' అని వస్తుంది.

తోటల్లో తిరిగేటప్పుడు అడుగురాళ్ల మీద పిడికిలంత రాయి, నల్లతాడుతో అడ్డంగా నిలువుగా కట్టి, పైన ముడి వేసి కనపడుతుంది. దాని పేరు సెకిమొరి ఇషి. ఇటు రావద్దని అర్థం. బోర్డు ఉండదు, గొలుసు ఉండదు. ఎవరో పడేశారనుకుని దాటిపోతే చాలా అమర్యాద. అడ్డంగా పెట్టిన పచ్చి వెదురు బొంగుకూ ఇదే అర్థం. నాచు మీద ఒక్క అడుగు కూడా వేయకండి. నాచుకు వేళ్లు ఉండవు, నలిగిన చోట త్వరగా తేరుకోదు. ఫొటో కోసం దారి అంచు దాటేవాళ్ల వల్లే కొన్ని గుళ్లు ఫొటోలనే నిషేధించే దాకా వచ్చాయి. ట్రైపాడ్, సెల్ఫీ కర్ర చాలాచోట్ల కుదరవు, సంచిలోనే ఉంచండి.

లోపలి మర్యాద కష్టమేం కాదు. పెద్ద ద్వారం దగ్గర చిన్నగా తలవంచి, గడప తొక్కకుండా దాటాలి. నీళ్ల మండపం దగ్గర గరిటె కుడిచేత పట్టి ఎడమచేయి కడగాలి, చేయి మార్చి కుడిచేయి కడగాలి, మళ్లీ ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నోరు తగలకూడదు. చివర్లో గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు పిడి మీదుగా జారి దాన్ని కడుగుతాయి. ఒక్క గరిటె నీళ్లతో ఇదంతా అయిపోవాలి. బౌద్ధ ఆలయంలో చేతులు జోడిస్తే చాలు, చప్పట్లు కొట్టరు. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు, మళ్లీ ఒకసారి వంగడం జపాన్ సొంత మతమైన షింతో మందిరాల పద్ధతి. బూట్లు రోజుకు ఐదారుసార్లు విప్పాల్సి వస్తుంది, లేసులున్నవి వద్దు. విప్పినవి చేత్తో మోయడానికి ఒక సంచి దగ్గరుంచుకోండి. చెక్క నేల నవంబరులో మంచులా ఉంటుంది, మందపాటి సాక్సులు లేకపోతే పది నిమిషాలు కూడా కూర్చోలేరు. తాతామి చాపల గుడ్డ అంచు తొక్కవద్దు. వీపు సంచి ముందుకు తిప్పుకోండి, వెనక్కి తిరిగినప్పుడు అది రాసుకునేది వందల ఏళ్ల నాటి బొమ్మల తలుపుకే కావచ్చు.

గోషుయిన్, అంటే గుడి పేరు సిరాతో రాసి ఎర్రముద్ర వేసి ఇచ్చే పేజీ కావాలనుకునేవాళ్లు 300 నుంచి 500 యెన్‌లు చిల్లర సిద్ధంగా ఉంచుకుని, పుస్తకాన్ని రాయాల్సిన పేజీ దగ్గర తెరిచి ఇవ్వాలి. రద్దీ రోజుల్లో ముందే రాసిన కాగితం ఇస్తారు. కొన్నిచోట్ల లోపలికి వెళ్తూ పుస్తకం అప్పగించి, టోకెన్ తీసుకుని, బయటికొస్తూ తీసుకోవాలి. ఇలాంటిచోట చూడ్డం అయిపోయాక అడిగితే మళ్లీ వరుస మొదటినుంచీ.

ముందే బుక్ చేసుకోవాల్సినవి కొన్నున్నాయి. నాచు తోటగా పేరున్న సైహోజి 1977 నుంచి ముందుగా అనుమతి తీసుకున్నవాళ్లనే రానిస్తోంది. నల్లని బల్ల మీద ఆకుల ప్రతిబింబం కనిపించే రురికోయిన్‌కు రద్దీ రోజుల్లో ముందస్తు బుకింగ్ తప్పదు. కత్సురా, షుగకుయిన్ రాజవిల్లాలు జపాన్ రాజకుటుంబ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, వయసు పరిమితి ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించాలి, గైడుతో కలిసే తిరగాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ పరిమితి ఎంతో ముందే చూసుకోవాలి.

కొన్ని గుళ్లలో చీకటి పడ్డాక చెట్లకు దీపాలు పెట్టి చూపిస్తారు, దాని గురించి ఒక హెచ్చరిక. ఎయికాన్‌దోలో పగటి సందర్శన, రాత్రి సందర్శన వేరు. సాయంత్రం అందరినీ బయటికి పంపి, మళ్లీ టికెట్‌తో లోపలికి పంపుతారు. పగలు వచ్చినవాళ్లు లోపలే ఉండి దీపాలు చూద్దామనుకుంటే కుదరదు. ఒకదాన్నే ఎంచుకోవాలంటే ఎయికాన్‌దోను పగలే చూడండి, కొండవాలు మీది పగోడా, లోపల వెనక్కి తిరిగి చూస్తున్న అమిదా బుద్ధుడు ఆ వెలుగులోనే బాగుంటాయి. రాత్రికి కోదాయిజి గుడి చెరువు మేలు. గాలి లేని రోజు నీళ్లలో చెట్లు తలకిందులుగా ఎంత స్పష్టంగా ఉంటాయంటే ఒడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి.

శాకాహారులు షోజిన్ ర్యోరి అడగాలి, అది మఠాల భోజనం. నన్‌జెన్‌జి చుట్టూ దొరికే యుదోఫులో టోఫు ఉడికే నీళ్లు సముద్రపు నాచువే అయినా, నంజుకునే సాస్‌లో ఎండు చేప రసం తరచూ ఉంటుంది. ఆర్డర్ ఇచ్చేముందే అడిగి తెలుసుకోండి.

క్యోటోలో ఈ కాలంలో షిగురె అనే వాన ఉత్తరపు కొండల నుంచి వచ్చి పది నిమిషాలు కురిసి పోతుంది. గొడుగు వేసుకుని అక్కడే ఉండండి. తడిసిన నాచు పచ్చ చిక్కబడుతుంది, కంకర నల్లబడుతుంది, ఆకుల మీద తెల్లటి మెరుపు పోయి ఎరుపు దిగుతుంది. తడి రాళ్ల మీద, తడి చెక్క మెట్ల మీద మాత్రం జాగ్రత్త.

ఇక చిరి హజిమె. రాలిన ఆకులు నాచు మీద పరుచుకోవడాన్ని షికిమొమిజి అంటారు. ఆకులు ఎక్కువకాలం ఉంటే కింద నాచుకు వెలుతురు అందక పాడవుతుంది, అందుకే తోటమాలులు వెదురు చీపుర్లతో మెల్లగా ఊడుస్తారు. కానీ ఈ కొద్దిరోజులు చాలా తోటల్లో ఊడ్చకుండా వదిలేస్తారు. యమషినాలోని బిషామోన్‌దో మెట్లు ఇందుకు పేరుపడ్డాయి. పొద్దున గుడి తెరవగానే వెళ్లండి. అడుగులు పడక ముందు ఆ మెట్ల మీది ఆకులు కొన్ని వెల్లకిలా, కొన్ని బోర్లా పడి ఉంటాయి, ఆకు అడుగుభాగపు లేత రంగు, పైభాగపు ఎరుపు కలగలిసి కనపడతాయి.