మా హాలుకు ఏ ప్యానల్? టీవీ కొనే ముందు నేను చూసుకున్నవి

మేముండేది కావలిలో. ఇంట్లో టీవీ ఒక్కటే, చూసేవాళ్లం ఐదుగురం, ఒక్కొక్కరం ఒక్కో చోట కూర్చుంటాం. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఉత్తరం గోడ పక్కన మంచం వేశాం. ఆమె అక్కడి నుంచే పక్కవాటుగా సీరియల్ చూస్తారు. మామయ్య పొద్దున కాఫీ తాగేటప్పుడు న్యూస్ చానల్ పెడితే మధ్యాహ్నం భోజనం దాకా మార్చరు. మా ఆయనకు క్రికెట్. నాకూ మా అబ్బాయికీ రాత్రిపూట సినిమా. టీవీ ఉండేది తూర్పు గోడకు, దానికి ఎదురుగా పడమటి కిటికీ. సాయంత్రమైతే వెలుతురంతా తెరమీదే పడుతుంది. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, చివరికి ఏ టీవీ కొనాలో తేల్చింది ఇవే.

పాత 32 అంగుళాల ఎల్‌సీడీ తెర సగం చీకటి పడింది. మెకానిక్ వచ్చి వెనక మూత విప్పి, "ట్యూబులు పోయాయమ్మా, ఈ మోడల్‌కి ఇప్పుడు దొరకవు" అన్నాడు. టీవీలో ట్యూబులేంటని పక్కన నిలబడి చూశాను. తెర వెనక సన్నటి ట్యూబ్‌లైట్లు వరసగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు ఉండదని. వెనక ఎప్పుడూ లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాలు కిటికీ రెక్కల్లా తిరుగుతూ ఎక్కడ ఎంత వెలుగు బయటికి పోవాలో చూసుకుంటాయి. రెక్కలు ఎంత మూసినా సందుల్లోంచి కొంచెం వెలుగు వస్తూనే ఉంటుంది కదా, చీకటి సీన్లు నల్లగా కాకుండా బూడిద రంగులో కనిపించేది అందుకే.

షాపులో ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేది కూడా ఈ ఎల్‌సీడీనే. వెనక ట్యూబుల బదులు ఎల్‌ఈడీ లైట్లు పెట్టారు, అంతే తేడా. క్యూఎల్‌ఈడీ కూడా దాని మీద ఇంకో మెట్టు. నీలం ఎల్‌ఈడీ వెలుగుకు ముందు క్వాంటమ్ డాట్లున్న పొర ఒకటి పెడతారు. ఆ సూక్ష్మ కణాలు నీలం వెలుగును పీల్చుకుని, తమ సైజును బట్టి ఎరుపో ఆకుపచ్చో ఇస్తాయి. దాంతో రంగులు శుద్ధంగా వస్తాయి. ఈ కణాలను కనిపెట్టి అభివృద్ధి చేసినందుకే 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారని మా అబ్బాయి చెప్పాడు. మినీ ఎల్‌ఈడీ అంటే వెనక లైట్లను బాగా చిన్నవి చేసి, వేల సంఖ్యలో పరిచి, జోన్లుగా విడగొట్టడం. సీన్‌లో చీకటిగా ఉన్న చోట ఆ జోన్ లైట్లు తగ్గిస్తారు. కాబట్టి నలుపు బాగా మెరుగవుతుంది.

ఓఎల్‌ఈడీ మాత్రం వేరే జాతి. దాంట్లో వెనక లైటే ఉండదు. తెరమీద బొమ్మను ఏర్పరచే ప్రతి చుక్కా (పిక్సెల్) తనంతట తను వెలుగుతుంది, ఆరితే పూర్తిగా ఆరిపోతుంది. క్యూఎల్‌ఈడీకీ ఓఎల్‌ఈడీకీ పేరులో ఒక్క అక్షరమే తేడా కావడంతో ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్లు ఉన్నారు. ఒక షాపులో సేల్స్ అబ్బాయి "రెండూ ఒకటేనక్కా, కంపెనీ పేరు వేరు" అన్నాడు. ఆ మాట నమ్మి వేలకు వేలు పోసే వాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధనిపించింది.

కావలిలో చూశాక అటు నెల్లూరు ట్రంకు రోడ్డు, ఇటు ఒంగోలు వెళ్లి పెద్ద షోరూముల్లోనూ చూశాం. ఏ షోరూములో అయినా పద్ధతి ఒక్కటే. పూలు, చేపలు, రంగు నీళ్లు పోసే వీడియో పెడతారు. లైట్లు దండిగా ఉంటాయి. టీవీని వివిడ్ మోడ్‌లోనో స్టోర్ మోడ్‌లోనో ఉంచుతారు. ఆ వీడియోలో ఏ టీవీ అయినా కళ్లు చెదిరేలా ఉంటుంది. ఇంట్లో మనం ఆ చేపలను చూడం. అందుకే నేను పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాను. అందులో పూర్తి నలుపు ఫొటో, పూర్తి బూడిద రంగు ఫొటో, నల్లటి నేపథ్యంలో తెల్లక్షరాలున్నది ఒకటి, మా ఇంట్లో దీపాల వెలుగులో ఫోన్‌తో తీసిన వీడియో, మనుషుల ముఖాలు దగ్గరగా ఉన్న ఫొటోలు వేసుకున్నాను. మోడ్‌ను స్టాండర్డ్‌కో సినిమాకో మార్చమని అడిగాను. కొందరు విసుక్కున్నారు, చాలామంది మార్చారు. నెల్లూరులో ఒక పెద్దాయన అయితే "కూర్చోండమ్మా, తీరిగ్గా చూసుకోండి" అని కుర్చీ కూడా వేశారు.

ఆ కుర్చీని నేను టీవీకి ఎదురుగా కాకుండా బాగా పక్కకు, మా అత్తయ్య మంచం ఉండే కోణంలోకి జరుపుకున్నాను. కళ్లు తెరిపించింది అదే. ఎదురుగా చూసినప్పుడు అద్భుతంగా ఉన్న సెట్టు పక్క నుంచి చూస్తే వెలిసిపోయింది. ముఖాలు పాలిపోయాయి, నలుపు పలచబడింది. దాని పక్కనే ఉన్న ఇంకో సెట్టులో ఎదురుగా నలుపు అంత చిక్కగా లేదు కానీ పక్క నుంచి కూడా రంగులు నిలబడ్డాయి. మొదటిది వీఏ ప్యానల్, రెండోది ఐపీఎస్. ప్యానల్ అంటే లోపల బొమ్మ చూపించే తెర, ద్రవస్ఫటికాలు అమరిన తీరును బట్టి ఈ రకాలు. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ అని ఏ పేరు పెట్టినా లోపల ఉండేది సాధారణంగా ఈ రెండింట్లో ఒకటి. తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా ఐపీఎస్‌లో సుమారు 1000 రెట్లు ఉంటే, వీఏలో 3000 రెట్లు, అంతకు పైన కూడా ఉంటుంది. అంటే చీకటి గదిలో ఎదురుగా కూర్చుని సినిమా చూసేవాళ్లకు వీఏ మంచిది, హాలు నిండా చుట్టూ కూర్చునేవాళ్లకు ఐపీఎస్ మంచిది.

పెట్టె మీద గానీ, గోడకు అంటించిన వివరాల్లో గానీ ఈ సంగతి చాలావరకు రాయరు. ఒకే మోడల్‌లో సైజు మారితే ప్యానల్ రకం కూడా మారొచ్చు. కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది. తెరమీద తెల్లటి బొమ్మ పెట్టి, ఫోన్ కెమెరాను బాగా దగ్గరగా పెట్టి ఫొటో తీసి పెద్దది చేస్తే చుక్కల ఆకారం కనిపిస్తుంది. మామూలుగా ఐపీఎస్‌లో అవి మధ్యలో వంగి ఉంటాయి, వీఏలో నిటారుగా ఉంటాయి. అయినా పక్కకు జరిగి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. తెరను వేలితో నొక్కి చూడమని చెప్పేవాళ్లు ఉన్నారు, అలా మాత్రం చేయొద్దు. ప్యానల్ దెబ్బ తింటే సెట్టు పోయినట్టే.

ఇక ఓఎల్‌ఈడీ. ఒంగోలులో ఒక షోరూములో లైట్లు తగ్గించి చూపించారు. నల్లటి నేపథ్యంలో నా తెల్లక్షరాలు గాల్లో తేలినట్టున్నాయి, వాటి చుట్టూ వెలుగు మరక అన్నదే లేదు. అదే ఫొటో మినీ ఎల్‌ఈడీలో అక్షరాల చుట్టూ పలచటి కాంతి వలయం చూపించింది. పక్క నుంచి చూసినా ఓఎల్‌ఈడీ చెక్కుచెదరలేదు. సినిమా కోసమే కొనేవాళ్లకు, డబ్బు పెట్టగలిగితే, దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. మా ఆయన ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడారు.

నేను ఎందుకు వద్దన్నానంటే, మామయ్య న్యూస్ చానల్ వల్ల. మూలన కదలని లోగో, కింద ఎర్రటి పట్టీ, రోజుకు గంటల తరబడి. ఓఎల్‌ఈడీలో చుక్కలు సేంద్రియ పదార్థంతో చేసినవి, వెలిగే కొద్దీ అరుగుతాయి. ఒకే చోట ఒకే బొమ్మ చాలాకాలం నిలబడితే అక్కడ మరక మిగిలిపోయే ప్రమాదం ఉంది. కంపెనీలు దీన్ని తగ్గించడానికి బొమ్మను కాస్త కాస్త జరపడం, లోగోను మసకబార్చడం లాంటివి చాలా పెట్టాయి. రిమోట్‌తో ఆపాక స్టాండ్‌బైలో ఉన్నప్పుడు టీవీ తనంతట తను చుక్కలను సరిచేసుకుంటుంది కూడా. మరి మన ఇళ్లలో ఏం చేస్తాం? రిమోట్‌తో ఆపి, వెంటనే గోడ స్విచ్ కూడా కట్టేస్తాం. ఉరుము ఉరిమితే ప్లగ్గే పీకేస్తాం. కరెంటు పోవడం ఎటూ ఉంది. ఆ సరిచేసుకునే పనికి కరెంటు ఉండాలని కొనేవాళ్లకు చెప్పే షాపు నాకు ఒక్కటీ తగల్లేదు. ఓఎల్‌ఈడీ కొనేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పండి. దానికి తోడు మా పడమటి కిటికీ. పగటి వెలుతురులో తెర మొత్తం తెల్లగా వెలగాల్సి వచ్చినప్పుడు మంచి ఎల్‌ఈడీ సెట్లే ఎక్కువ కాంతినిస్తాయి.

మా ఆయన అడిగినవి క్రికెట్ గురించి. పెట్టె మీద మోషన్ రేట్ 120 అని రాసి ఉంటే ప్యానల్ 120 హెర్ట్జ్ అని, అంటే తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మారుస్తుందని కాదు. చాలావాటిలో అసలు ప్యానల్ 60 హెర్ట్జే, మిగతాది సాఫ్ట్‌వేర్ లెక్క. "నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత?" అని అడగాలి. మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 50 లెక్కన వస్తాయి కాబట్టి ఒక్క క్రికెట్ కోసం 120కి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ఆటలాడే ప్లేస్టేషన్ లాంటిది ఉంటే అది వేరే సంగతి. హెచ్‌డీఆర్, అంటే బాగా వెలుగున్న చోట్లనూ చీకటి చోట్లనూ ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి, అది కూడా అంతే. ఆ గుర్తు ఉంటే ఆ సిగ్నల్‌ను టీవీ అర్థం చేసుకుంటుందని మాత్రమే. దాన్ని చూపించే వెలుగు ఉందా అన్నది తెర వెలుగును కొలిచే నిట్స్‌లో తెలుస్తుంది. సుమారు 300 నిట్స్ సెట్టులో హెచ్‌డీఆర్ నాకు పెద్ద తేడా చూపించలేదు.

సైజు మాత్రం ఇంట్లోనే తేల్చుకున్నాం. 55 అంగుళాల తెర వెడల్పు దాదాపు 4 అడుగులు, ఎత్తు 27 అంగుళాలు. పాత న్యూస్‌పేపర్లు ఆ కొలతకు అతికించి గోడకు పెట్టి సోఫాలో కూర్చుని చూశాం. తెర మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలతకు సుమారు 1.6 రెట్ల దూరం సుఖంగా ఉంటుందని ఒక లెక్క. ఆ లెక్కన 55కి 7 అడుగుల పైచిలుకు. మా సోఫా 8 అడుగుల దూరంలో ఉంది, సరిపోయింది.

ధర విషయంలో ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత 28 శాతం పన్నుతో కలిపి 64,000 ఉన్న టీవీ అసలు ధర 50,000. 18 శాతం వేస్తే 59,000 కావాలి. మేము కొన్నది ఆ తర్వాతే. "పండగ ఆఫర్ 5,000" అన్న చోటల్లా అది నిజంగా ఆఫరా, తగ్గిన పన్నా అని పాత ధర అడిగి లెక్క వేసుకున్నాను.

చివరికి తీసుకున్నది 55 అంగుళాల, ఐపీఎస్ ప్యానల్ ఉన్న క్వాంటమ్ డాట్ ఎల్‌ఈడీ. బిల్లు కట్టే ముందు ఆ సెట్టులో కేబుల్ సెట్‌టాప్ బాక్స్ నుంచి మామూలు ఎస్‌డీ చానల్ ఒకటి పెట్టించి చూశాం. 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఎస్‌డీ చానల్‌లో నిలువుగా ఉన్నవి 576 గీతలు. మిగతాదంతా టీవీయే ఊహించి నింపాలి. ఆ నింపడంలో సెట్టుకూ సెట్టుకూ చాలా తేడా ఉంది. రోజంతా కేబుల్ చూసే ఇంటికి ఇది ముఖ్యమైన పరీక్ష, ఏ షాపూ తనంతట తను చూపించదు.

ఇంట్లో బిగించిన రోజే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు ఫొటోలు తెర నిండా పెట్టి చచ్చిపోయిన చుక్కలు ఉన్నాయేమో చూశాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి ఉండగానే ఇది చెయ్యాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు హోమా, స్టోరా అని అడిగితే హోమ్ పెట్టుకోవాలి. సినిమాలు సీరియల్‌లా నున్నగా జారిపోతున్నట్టుంటే, కదలికను నునుపు చేసే మోషన్ స్మూతింగ్ అన్న సెట్టింగ్ ఆపేయాలి. మా ఆయన క్రికెట్‌కు దాన్ని పెట్టుకుంటారు, నేను సినిమాకు తీసేస్తాను.

వదులుకున్నది రాత్రి సినిమాలో ఆ చిక్కటి నలుపు. ఐపీఎస్‌లో అది రాదని తెలిసే కొన్నాం. అత్తయ్య మంచం మీది నుంచి రంగులు బాగా కనబడుతున్నాయి కాబట్టి నాకు దాని గురించి చింత లేదు. చీకట్లో చూసేటప్పుడు బూడిద రంగు తెలియకుండా టీవీ వెనక గోడ వైపు ఒక ఎల్‌ఈడీ పట్టీ అంటించాం. వెనక కొద్దిపాటి వెలుగుంటే తెరమీది నలుపు ఇంకాస్త నల్లగా అనిపిస్తుంది, కళ్లకూ అలసట తగ్గుతుంది. పట్టీ పసుపుది కాకుండా 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్లది తీసుకోండి, లేకపోతే తెరమీది రంగులు మారినట్టు అనిపిస్తుంది.