కొస చూస్తే తెలుస్తుంది

షార్జాలో మా జాయినరీకి, అంటే వడ్రంగం వర్క్‌షాపుకు, చెక్క పలకలుగా, కట్టలు కట్టి వస్తుంది. ఆకు ఉండదు, బెరడు ఉండదు. ఊళ్లో చెట్టును చూసి ఇది మద్ది, ఇది ఏగిస అని చెప్పే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. టేకు తప్ప అన్నీ కొత్తవే: ఓక్, యాష్, బీచ్, సపెలే, ఇరోకో.

మా ఫోర్‌మన్ మలయాళీ పెద్దాయన. రంగును నమ్మొద్దనేవారు. ఎండ తగిలినా పాలిష్ పడినా రంగు మారిపోతుంది. అడ్డంగా కోసిన కొస మాత్రం మారదు. పదునైన ఉలితో కొసను నున్నగా చెక్కి, కాస్త తడిపి, భూతద్దం పెట్టి చూడమనేవారు. ఓక్‌లోనూ యాష్‌లోనూ ఏటేటి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కడతాయి. అయితే ఓక్‌లో చెట్టు నడిమి నుంచి బయటికి సాగే వెడల్పాటి గీతలు మామూలు కంటికే కనిపిస్తాయి. యాష్‌లో అవి కనిపించవు. ఎర్ర ఓక్ చిన్న ముక్కను ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓక్ చేవలో ఆ రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి కాబట్టి గాలి పోదు. పీపాలకు దాన్నే వాడేది అందుకే.

ఇరోకోను బజార్లో ఆఫ్రికన్ టేకు అంటారు. అసలు టేకును చిత్రిక పడితే చేతికి జిడ్డు తగులుతుంది, తోలు వాసన వస్తుంది. ఇరోకో లోపల ఒక్కోసారి రాయిలాంటి సున్నపు గడ్డలుండి రంపం పళ్లు పోతాయి. టేకు ధర ఇచ్చినవాళ్లకు టేకే అందాలి. ఆ తేడా పట్టుకోవాల్సింది చెక్క కోసే మనమే.

ఆఫ్రికా పడౌక్ అనే చెక్కను కోసినప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. నారింజ కలిసిన ఎరుపు పొట్టు! మన శేషాచలం ఎర్రచందనం, ఏగిస, ఈ పడౌక్ మూడూ టెరోకార్పస్ జాతివే.

కొత్తగా వచ్చిన జగిత్యాల పిలగాడు, "అన్నా, వాసనతో పట్టుకోవచ్చా?" అని అడిగాడు. పట్టుకోవచ్చు, కానీ చిత్రిక పట్టిన తాజా పెచ్చును వాసన చూడాలి, రంపపు పొట్టును పీల్చకూడదు. చెక్క పొడి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఓక్, బీచ్ పొడి ముక్కు లోపలికే ముప్పు. మెషిన్ ఆన్ చేసేముందు మాస్కు కట్టుకో తమ్ముడూ, కంపెనీ ఇవ్వకపోతే అడిగి తీసుకో.