గెలీనా మళ్లీ మొండికేసింది: నాలుగో వారం

బ్యాటరీ లేకుండా పలికే క్రిస్టల్ రేడియో కడుతున్నాను. సిగ్నల్ నుంచి మాటని విడదీసే డిటెక్టర్‌గా అందులో గెలీనా అనే సీసపు ఖనిజం రాయి పెట్టాను. నిన్న రాత్రి 9:40కి బెజవాడ స్టేషన్ 22 సెకన్లు వినిపించింది. వార్తలు చదివే ఆమె గొంతు, ఒక్క బ్యాటరీ కూడా లేకుండా! అంతలోనే పోయింది. మళ్లీ దొరకబుచ్చుకోవడానికి పదకొండు దాకా కూర్చున్నాను.

సెట్టు పాతదే: 63 మి.మీ. పీవీసీ పైపు మీద 26 గేజి తీగ 60 చుట్లు, లెక్క ప్రకారం 240 మైక్రోహెన్రీలు. మేడ మీద 20 మీటర్ల ఏరియల్, బోరు పైపుకి ఎర్త్. రాయి బదులు బీఈఎల్ ఓఏ79 (పాత జెర్మేనియం డయోడ్) పెడితే బెజవాడ 837 కిలోహెర్ట్జ్ మొదటి రోజే పలికింది. ఆన్‌లైన్లో 1ఎన్34 అనే మరో జెర్మేనియం డయోడ్ పేరుతో కొన్న పదింటిలో నాలుగు షాట్కీ అనే వేరే రకం డయోడ్లుగా తేలాయి, పాత ఓఏ79 దొరికితే వదలకండి.

కానీ నాకు కావలసింది డయోడ్ కాదు. 1920 నవంబర్ 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ రేడియో స్టేషన్ ఎన్నికల ఫలితాలు చదివిన కాలంలో జనం చేతుల్లో ఉన్నలాంటి క్రిస్టల్ సెట్టు. పైగా ఈ గెలీనా మనకి పరాయిది కాదు. జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు చేసి 1904లో అమెరికా పేటెంటు పొందిన డిటెక్టర్లో ఉన్నది ఇదే రాయి.

మొదటి ముక్కని ఇత్తడి గిన్నెలో మామూలు సోల్డర్‌తో అతికించాను. 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ మీద ఓఏ79 0.62 వోల్టులు ఇస్తే, ఇది 0.03 దాటలేదు. 183 డిగ్రీల పైన కరిగే సోల్డర్ వేడికి రాయి చెడిందనే నా అనుమానం. పాతకాలం వాళ్లు 70 డిగ్రీలకే కరిగే వుడ్స్ మెటల్ అనే మిశ్రమలోహం వాడింది ఇందుకే. రెండో ముక్కని కొట్టి, తాజా ముఖం పైకి వచ్చేలా స్క్రూలతో బిగించాను. 36 గేజి రాగి విస్కర్‌తో (రాయిని తాకే సన్నటి తీగ) 0.41 వోల్టులు! 22 సెకన్లకి 0.05. ఫ్యాను ఆపినా అంతే. స్పిరిట్‌తో తుడిచినా అంతే. విస్కర్ కొనని కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే 31 సెకన్లు నిలిచింది. అక్కడితో సరి.

ఆఖరికి సిగ్నల్ తగ్గించడానికి ఏరియల్‌ని తీగచుట్టలో 60వ చుట్టు నుంచి 15కి దించాను. వోల్టేజి 0.14కి పడింది, కానీ మూడు నిమిషాలు కదల్లేదు! సిగ్నల్ మరీ ఎక్కువై విస్కర్ రాయిని తాకే బిందువుని కాల్చేస్తోందా? 1927 జులై 23న మొదలైన బొంబాయి స్టేషన్ బలం 1.5 కిలోవాట్లు, క్రిస్టల్ సెట్టుకి 48 కిలోమీటర్ల లోపలే అందేది. బెజవాడది 100 కిలోవాట్లు, నేనున్నది తెనాలిలో. మెత్తటి రాగి మెల్లగా వంగి ఒత్తిడి మారుతోందేమోనన్నది రెండో అనుమానం. రెండూ ఒకేసారి మారిస్తే ఏదీ తేలదు కాబట్టి, ఆదివారం చుట్టు 15లోనే ఉంచి విస్కర్ ఒక్కటే ఫాస్ఫర్ బ్రాంజ్‌కి (స్ప్రింగులా నిలిచే కంచు తీగ) మారుస్తాను.

వుడ్స్ మెటల్‌లో సీసం, కాడ్మియం ఉంటాయి, ఇంట్లో కరిగించను. 62 డిగ్రీలకి కరిగే ఫీల్డ్స్ మెటల్ ఖరీదైనా అదే తెప్పిస్తున్నాను. దానితోపాటు ఐరన్ పైరైట్ (ఇలాంటిదే మరో డిటెక్టర్ రాయి) ముక్క కూడా వస్తోంది. ఆ పైన తొలి రేడియో పరిశోధకుల్లో ఒకడైన ఫెసెండెన్ వాడిన ఆమ్లపు డిటెక్టర్ మీద మనసుంది, సన్నటి ప్లాటినం తీగ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.