అలుగుకు పళ్లు తీసేశాక

ఆరేడేళ్ల పిల్లల కోసం అరుదైన అడవి జంతువుల మీద 16 పేజీల హాస్య బొమ్మల పుస్తకం చేయడానికి కూర్చున్నప్పుడు, నిజాలు చెప్పడం తేలికనీ నవ్వించడమే కష్టమనీ అనుకున్నాను. మొదటి జంతువుతోనే ఆ అభిప్రాయం మారిపోయింది.

ముందుగా అలుగును, అంటే ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్‌ను గీశాను. అద్దం ముందు నిలబడి పళ్లు తోముకుంటున్న అలుగును చూసి మా మేనకోడలు పడీపడీ నవ్వింది. కానీ అలుగుకు పళ్లే ఉండవు. పొడవాటి జిగురు నాలుకతో చీమలనూ చెదలనూ లాగి మింగేస్తుంది, వాటితోపాటు కడుపులోకి చేరిన చిన్న రాళ్లూ ఇసుకా నూరడానికి సాయపడతాయి. నవ్వు తెప్పించింది కదా అని ఆ బొమ్మను ఉంచేస్తే, పిల్లలు ఆ అబద్ధాన్నే నిజమనుకుని గుర్తుపెట్టుకుంటారు. అందుకని పళ్ల డాక్టరును తెచ్చాను. ఆయన టార్చిలైటు వేసి ఒక్క పన్నైనా కనిపిస్తుందేమోనని వెతుకుతుండగా, అలుగు నాలుక మెల్లగా సాగి బల్ల మీది లడ్డూకు పట్టిన చీమలన్నిటినీ ఊడ్చేస్తుంది. ఈసారి మేనకోడలు నవ్వి, వెంటనే "మరి ఎట్లా నములుతుంది మామయ్యా?" అని అడిగింది. తర్వాతి పేజీని ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

అలుగును పొలుసుల కోసం వేటాడతారన్న సంగతి దాచడం నాకు ఇష్టం లేదు, పిల్లలను భయపెట్టడమూ ఇష్టం లేదు. ఆ పొలుసులు మన గోళ్లలాగే కెరటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. కాబట్టి మందు కోసం పొలుసులు అడగడానికి వచ్చిన మనిషికి అలుగు ఒక నెయిల్ కట్టర్ ఇచ్చి, "మీ చేతికే ఉన్నాయి కదండీ!" అంటుంది. ఈ పేజీకి నేను పెట్టినంత సమయం మరి దేనికీ పెట్టలేదు.

రెండో జంతువు మూషిక జింక. హైదరాబాద్ బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల, సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ (అంతరించిపోతున్న జీవులను కాపాడే ప్రయోగశాల) కలిసి దీని సంతతిని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలాయి కాబట్టి, మన నగరపు పిల్లలకు ఇది తప్పక తెలియాలి. దాదాపు 3 కిలోల బరువుండే ఈ జంతువు పేరుకే జింక, జింకల కుటుంబానికి చెందదు. అందుకే జింకల సంఘంలో సభ్యత్వం అడిగితే, గుమస్తా "కొమ్ములేవీ?" అని తిప్పి పంపినట్టు రాశాను. పాతబస్తీలోని ఒక బడిలో చదివి వినిపించినప్పుడు ఒక బాబు లేచి, "జూలో ఆడ దుప్పికి కూడా కొమ్ముల్లేవు కదా సార్" అన్నాడు. ఆ బాబు చెప్పింది అక్షరాలా నిజం. గుమస్తా మాటను "మగవాడివంటున్నావు, కొమ్ములేవీ?" అని మార్చి, బదులుగా మూషిక జింక తన పైదవడ కోరలు చూపించేలా గీశాను.

అక్షరాలతోనూ ఇబ్బంది పడ్డాను. మాటల బుడగలో వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. చివరికి బుడగకు ఒక్క చిన్న వాక్యమే అని నియమం పెట్టుకున్నాను, అంతకన్నా ఎక్కువైన సంగతిని బొమ్మలోకి మార్చాను.

పదహారు పేజీలంటే ఒక ఫారం, అంటే ప్రెస్సులో ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట. అది దాటితే ఖర్చు పెరుగుతుందని ప్రెస్సు వారు చెప్పడంతో దేవాంగ పిల్లికి (చెట్ల మీద తిరిగే స్లెండర్ లోరిస్‌కు) చోటు లేకపోయింది. దానికి వేరే పుస్తకమే చేస్తున్నాను. నవ్వు కోసం దాని కళ్లను పెద్దవి చేయనక్కర్లేదు, ఉన్నవి ఉన్నట్టు గీస్తే చాలు.