తాత బొమ్మ

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున బెంగళూరు కబ్బన్ పార్కుకి వెళ్ళేటప్పుడు బ్యాగులో తాత బొమ్మ ఉంది. మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని వేసింది. ఎవరికైనా చూపించాలని ఉంది, ఏమంటారోనని టెన్షనూ ఉంది. నాకు కావలసింది సలహా కాదు, మెప్పు. ఆ సంగతి మెట్రోలో ఉండగానే నాకు తెలుసు.

వెదురు పొదల దగ్గర బొమ్మలు వేసుకునేవాళ్ళం ఐదారుగురం కూర్చున్నాం. పక్కనున్న పీయూసీ (మన ఇంటర్) అమ్మాయి తన బొమ్మ నా ముందు పెట్టి, "అక్కా, ఎట్లుంది?" అంది. వాళ్ళమ్మ ముఖం. ఆలోచించకుండా అనేశాను, "కళ్ళు మరీ పైన పెట్టేశావు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సగంలో రావాలి." పెన్సిల్ పెట్టి కొలిచి మరీ చూపించాను. చెప్పింది తప్పేం కాదు. మన చూపంతా కళ్ళూ ముక్కూ మూతి మీదే ఉంటుంది కాబట్టి కొత్తగా వేసేవాళ్ళు నుదురునీ నెత్తినీ కుదించేస్తారు. కానీ పిల్ల ముఖం చిన్నబోయింది. జుట్టు ఎంత ఓపికగా పాయపాయగా వేసిందో! ఆ మాట అనాలని నాకు తోచేసరికే ఆమె రబ్బరు అందుకుంది.

తర్వాత నా వంతు. అక్కడికి ఒక పెద్దాయన వస్తుంటారు, డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. మాది మదనపల్లె, ఆయనది పుంగనూరు, అందుకని నా మీద కాస్త చనువు. తాత బొమ్మని ఫోనులో ఫోటో తీసి, అద్దంలోలాగా కుడిఎడమలు తిప్పి నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నువ్వే చెప్పమ్మా."

గుండె జారిపోయింది. కళ్ళు పైకెక్కి కూర్చున్నాయి. అరగంట క్రితం పాఠం చెప్పింది నేనే! మూడు వారాలు అదే పనిగా చూసిన బొమ్మ కంటికి అలవాటైపోతుంది, తిప్పి చూస్తే ఎవరో పరాయివాళ్ళు వేసినట్టు తప్పులన్నీ బయటపడతాయి. "తెల్లగుడ్డుని కాగితం తెలుపులాగే వదిలేశావు. పై రెప్ప నీడ పడుతుంది కదా అక్కడ" అన్నారు మాస్టారు. అదీ నిజమే. అందుకే తాత ఉలిక్కిపడి లేచినవాడిలా ఉన్నాడు. పిల్ల తొంగిచూసి కిసుక్కున నవ్వింది. నవ్వదా మరి!

ఇంటికొచ్చేసరికి అమ్మ అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తోంది. బొమ్మ ఎదురుగా పెట్టాను. కళ్ళ ఊసే ఎత్తలేదు. చాలాసేపు చూసి, "నాయన ఇంత బిగుసుకుని ఉండేవాడు కాదే" అంది. నేను చూసి వేసింది పెన్షన్ పుస్తకంలోని ఫోటో. స్టూడియోలో కదలొద్దన్నారని ఊపిరి బిగబట్టి దిగాడట. "ఈ పక్క మీసం కొస కొంచెం పైకుంటుంది ఎప్పుడూ. బీడీ ఆ పక్కే పెట్టేవాడు."

ఆ మాట మాస్టారు చెప్పగలిగేది కాదు, ఫోటోలో దొరికేదీ కాదు. మొన్న కుమారకృపా రోడ్డులో బొమ్మలు అమ్మే చిత్రసంతెకి వెళ్ళినప్పుడు, అప్పటికప్పుడు ముఖాలు వేసిచ్చే ఒకాయన దగ్గర కాసేపు నిలబడ్డాను. బొమ్మ అవగానే ఆయన చూసింది కుర్చీలో కూర్చున్నావిడ వైపు కాదు, ఆమె వెంట వచ్చిన చెల్లెలి వైపు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

కళ్ళు దించాలంటే ముఖమంతా మళ్ళీ వేయాల్సిందే. కొత్త కాగితం తీసి, 2బి పెన్సిల్‌తో లేతగా గీసుకుంటూ పోయాను. అమ్మ ఎదురుగా కూర్చుని కాయలు ఒలుస్తూనే, "ఇంకొంచెం పైకి... అంత కాదు" అంటోంది. ఆఖరికి విసుగొచ్చి, "ఇదిగో, ఇక్కడే" అని వేలు పెట్టేసింది. అనపకాయల జిడ్డు కాగితానికి అంటింది. ఇప్పుడు సరిగ్గా ఆ మీసం కొస దగ్గర పెన్సిల్ పట్టడం లేదు.