"సరే అక్కా, నీ ఇష్టం"

ఆ మధ్య మా అక్క ఒక ప్రయాణానికి తేదీ ఖాయం చేసి చెబితే, నేను ఫోన్‌లో "సరే అక్కా, నీ ఇష్టం" అని సందేశం పంపాను. ఏ రోజైనా నాకు సమ్మతమే అన్నది నా ఉద్దేశం. ఆమె దాన్ని అలకగా చదువుకుని రెండు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది. రాస్తున్నంతసేపూ నవ్వుతున్న నా గొంతు నాకు వినిపిస్తూనే ఉంది గానీ, ఆమెకు అందినవి అక్షరాలు మాత్రమే.

ఈ పొరపాటు ఎంత సహజమో 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన పరిశోధన చూపించింది. ఒకరు బాగా తెలిసిన పాటను బల్ల మీద వేళ్లతో దరువు వేయాలి, ఎదుట కూర్చున్నవారు అదేమిటో చెప్పాలి. సగం పాటలనైనా పోల్చుకుంటారని దరువు వేసినవారు అంచనా వేస్తే, విన్నవారు 120 పాటల్లో పోల్చుకోగలిగినవి 3. ఎవరైనా ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చు: వేళ్లు కదులుతుంటే మన తలలో పల్లవి, వాద్యాలు, గాయకుడి గొంతు అన్నీ మోగుతాయి, ఎదుటివారికి టకటకమనే చప్పుడు తప్ప మరేమీ ఉండదు, పైగా ఇంత తేలికైనది వారికి ఎందుకు తట్టడం లేదా అని మనకు విసుగు కూడా వస్తుంది.

2005లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీల బృందం ఇదే సంగతిని ఈమెయిల్‌లో పరీక్షించింది. తాము వెటకారంగా రాశామో నిజంగానే అన్నామో చదివినవారు సుమారు 78 శాతం సార్లు పసిగడతారని రాసినవారు అనుకున్నారు. చదివినవారు నిజంగా పసిగట్టింది 56 శాతం, అంటే బొమ్మా బొరుసా వేసి చెప్పినదాని కంటే కాస్త నయం. అవే మాటలను గొంతుతో వినిపించినప్పుడు ఫలితం చాలా మెరుగుపడింది.

దగ్గరివాళ్ల మధ్య ఇలా జరగదనుకుంటే అదీ భ్రమే. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రెండు రకాలుగా అర్థం చేసుకోగల మాటలను దంపతులు అపరిచితుల కంటే మెరుగ్గా ఏమీ గ్రహించలేదు, కాకపోతే తమ మాట అవతలివారికి చేరిందన్న ధీమా మాత్రం వారికి ఎక్కువ.

ఎదుటివారి స్థానంలో ఉండి ఆలోచించమని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఎప్లీ సహపరిశోధకుడిగా 2018లో వెలువడిన 25 ప్రయోగాల ఫలితం చూస్తే, అలా ఊహించుకోవడం వల్ల ఎదుటివారి మనసును కనిపెట్టడంలో కచ్చితత్వం పెరగలేదు. వారినే అడిగి తెలుసుకున్నప్పుడు పెరిగింది. ఆ సలహా దయ నేర్పుతుందంటే ఒప్పుకుంటాను గానీ, సమాచారం ఇస్తుందంటే ఒప్పుకోలేను.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది భాషా శాస్త్రవేత్త మార్క్ డింగెమాన్సె, మరికొందరు 2015లో ప్రచురించిన పరిశీలన. 12 భాషల్లోని మామూలు సంభాషణలను పరిశీలిస్తే, సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు మాటను ఆపి సరిచూసుకుంటున్నారు. "ఆఁ?" అనడం ఒక పద్ధతి; "ఎవరు?" అని తెలియని ముక్కను మాత్రమే అడగడం మరొకటి, "అంటే, రేపు రానంటావా?" అని తమకు అర్థమైనది చెప్పి రూఢి చేసుకోవడం మూడోది. వీలైనంతవరకు, అవతలివారికి శ్రమ తగ్గించే కచ్చితమైన ప్రశ్ననే మనుషులు ఎంచుకుంటారట.

సందేశాల్లో ఈ "ఆఁ?" దాదాపు ఉండదు. మా అక్క మూడో రోజు ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "కోపమొచ్చిందా?" అంది. నాకూ వెంటనే అర్థం కాలేదు. "ఆఁ?" అన్నాను.