న్యుమోనియా అంటుకుంటుందా అని భయపడ్డ రోజులు

మూడు రోజులు జ్వరం 102 దిగలేదు. దగ్గినప్పుడల్లా కుడి పక్కటెముకల కింద పోటు. ఫ్లూనే అయ్యుంటుందిలే అని పారాసిటమాల్ మింగుతూ నెట్టుకొచ్చాను. నాలుగో రోజు మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. ఆక్సీమీటర్‌లో 92. మామూలుగా 95కి తగ్గకూడదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున, నల్లగా కనబడాల్సిన చోట దూది అంటించినట్టు తెల్లగా ఉంది.

ఇంట్లో ఏడేళ్ల పాప, 72 ఏళ్ల అమ్మ. "వాళ్లకి అంటుకుంటుందా డాక్టర్ గారూ?" అన్నాను ముందుగా.

ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల్లో వాపొచ్చి, నీరు గానీ చీము గానీ చేరడమే న్యుమోనియా అట. అంటుకునేది అది కాదు, దాన్ని తెచ్చిన క్రిమి. నా క్రిమే పాపకు సోకితే ఉత్త జలుబుతోనే సరిపోవచ్చు, అమ్మకు సోకితే ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. ఫ్లూ వైరస్, మైకోప్లాస్మా లాంటి కొన్ని బాక్టీరియాలు దగ్గు తుంపరలతో పాకుతాయి. తిండో వాంతో పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా మాత్రం ఇంకొకరికి అంటదు. నాది బాక్టీరియాలాగే ఉందని, యాంటీబయాటిక్ మొదలెట్టి ఒకటి రెండు రోజులై, జ్వరం కూడా దిగితే ఇతరులకు సోకే భయం బాగా తగ్గుతుందని చెప్పారు. ఫోన్ చేసిన బంధువులంతా మాత్రం చల్లగాలికి తిరిగావా అనే అడిగారు. క్రిమి వల్ల వచ్చిందని ఎన్నిసార్లని చెప్తాం!

ఆ రెండు రోజులూ కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని వేరే గదిలో ఉన్నాను. పాప గడప అవతల నిలబడి, గీసిన బొమ్మ రెండు చేతులతో పైకెత్తి చూపించేది. బాగుందని చెప్పబోతే దగ్గు తెర. పొట్టకి దిండు అదుముకుని దగ్గితే పోటు కాస్త తక్కువగా ఉండేది.

మూడో రోజుకి జ్వరం పోయింది. తగ్గిందిగా, ఇంక మాత్రలెందుకు అనిపించింది కానీ అమ్మ వదల్లేదు, ఏడు రోజులూ మింగించింది.

అసలు కష్టం ఆ తర్వాతే. స్నానం చేసొచ్చి తల దువ్వుకోబోతే చేతులు లేచేవి కావు. రెండో వారంలోనే ఆఫీసుకి వెళ్లి, మధ్యాహ్నానికే తిరిగొచ్చేశాను. చూడ్డానికి బాగానే ఉన్నావుగా అనేవాళ్లు. దగ్గు ఆరు వారాలు, నీరసం మూడు నెలలు ఉన్నా ఆశ్చర్యపోవద్దని డాక్టర్ గారు రెండోసారి వెళ్లినప్పుడు చెప్పారు. ఆ మాట మొదటి రోజే చెప్పుంటే నాకింత టెన్షన్ ఉండేది కాదు.

ఆరు వారాలకి తీసిన ఎక్స్‌రేలో ఆ తెలుపు లేదు. అమ్మకి న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక బాక్టీరియాకి వేసేది), ఫ్లూ టీకా వేయించాం. మెట్లు మాత్రం ఇప్పటికీ మధ్యలో ఒకసారి ఆగే ఎక్కుతున్నాను. పాప ముందు పరిగెత్తి, పై మెట్టు మీద కూర్చుని నా కోసం చూస్తుంటుంది.